సవానాలో మూడు రోజులు: ఉక్కపోత, ఓక్ చెట్ల నీడ, నీలం పైకప్పు

అట్లాంటా నుంచి, అదే జార్జియా రాష్ట్రంలో తీరం దగ్గరున్న పాత ఊరు సవానాకు సుమారు 250 మైళ్ళు. ఐ-75 హైవే మీద మేకన్ దాకా వెళ్ళి, అక్కడ ఐ-16 ఎక్కితే, దారిలో ఒకసారి ఆగినా నాలుగున్నర గంటల్లో చేరవచ్చు. అమ్మా నాన్నగారూ కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న వేసవిలో, జూన్ నెలాఖరున వారిని అక్కడికి తీసుకువెళ్ళాను. కారు తలుపు తీయగానే నాన్నగారి కళ్ళజోడు అద్దాలు మసకబారాయి. "ఇది అచ్చం మన ఊరి ఉక్కపోతేరా" అన్నారు ఆయన, అద్దాలు పంచె అంచుతో తుడుచుకుంటూ. ఆ ఉక్కను లెక్కలోకి తీసుకోకుండా సవానాలో ఏ ప్రణాళికా నిలవదు. ఉదయం పదిన్నర దాకా నడక, ఎండ ముదిరాక మ్యూజియంలు, సాయంత్రం వాన వెలిశాక మళ్ళీ నడక అన్న క్రమం మాకు బాగా కుదిరింది. వీలుంటే నవంబరులో వెళ్ళడం ఇంకా మేలు.

పెద్దవాళ్ళతో నడవడానికి ఇంత అనువైన పాత ఊరిని అమెరికాలో నేను మరొకటి చూడలేదు. 1733లో జార్జియా వలస స్థాపకుడు జేమ్స్ ఓగల్‌థోర్ప్ ఈ ఊరికి గీసిన పథకంలో, మధ్యలో స్క్వేర్ అనే ఒక తోట, దానికి తూర్పు పడమరల్లో ప్రజా భవనాలకు, ఉత్తర దక్షిణాల్లో ఇళ్ళకు స్థలాలు ఉంటాయి. ఆ నమూనానే ఊరు పెరిగినకొద్దీ మళ్ళీ మళ్ళీ వేశారు. అలా ఏర్పడిన 24 స్క్వేర్లలో 22 నేటికీ ఉన్నాయి కనుక, రెండు మూడు నిమిషాలు నడిస్తే చాలు, ఓక్ చెట్ల నీడలో బల్ల దొరుకుతుంది. కొమ్మల నుంచి జడల్లా వేలాడే స్పానిష్ మాస్, పేరులో మాస్ (నాచు) ఉన్నా, నిజానికి నాచు కాదు. అనాస కుటుంబపు మొక్క. 1954లో ఎల్లిస్ స్క్వేర్‌లోని పాత మార్కెట్టును కూల్చి కార్ల పార్కింగు కట్టారు. మరుసటి ఏడాది పాతకాలపు డావెన్‌పోర్ట్ ఇంటికీ అదే గతి పట్టబోతుంటే ఏడుగురు స్త్రీలు కలిసి దాన్ని కాపాడారు. ఈ రోజు మనం చూస్తున్న ఊరు మిగలడానికి వారి పట్టుదలే పునాది.

బస విషయంలో నేను పొరపాటు చేశాను. పాత ఇంటిని వసతిగృహంగా మార్చిన ఒక చోట, ఫొటోలు చూసి "గార్డెన్ లెవెల్" గది తీసుకున్నాను. అంటే సగం నేలలోకి దిగి ఉండే గది. ఏసీ రాత్రంతా తిరిగినా దుప్పటి చెమ్మగానే ఉంది, గోడల నుంచి బూజు వాసన వచ్చింది. అడగగానే పై అంతస్తులో గది ఇచ్చారు కానీ, లిఫ్టు లేక నాన్నగారు మోకాళ్ళ నొప్పితో మెట్లన్నీ ఎక్కవలసి వచ్చింది. గది ఎన్నో అంతస్తులో ఉంది, లిఫ్టు ఉందా, కారుకు రోజుకు ఎంత తీసుకుంటారు అన్న మూడూ ముందే అడగాలి. హైవే పక్క హోటళ్ళు చవకే అయినా, మధ్యాహ్నం గదికి వచ్చి నడుం వాల్చే వీలు పోతుంది. ఈ వాతావరణంలో ఆ విశ్రాంతికి పెట్టే డబ్బు వృథా కాదు.

ఊరి మధ్యలో తిరిగే డాట్ బస్సూ, నది దాటించే పడవా ఉచితం. ట్రాలీ పర్యటన మొదటి రోజు ఒకసారి చాలు. దెయ్యాల కథల పర్యటనలు మాత్రం నాకు నచ్చలేదు. ఇక్కడ నిజంగా బతికి బాధపడిన మనుషుల చరిత్ర ఉండగా వారిని భయపెట్టే బొమ్మలుగా అమ్మడం అన్యాయం.

ఆ చరిత్ర కోసం 1819లో పూర్తయి ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఓవెన్స్-థామస్ ఇంటిని తప్పక చూడాలి. తోట వెనుక, బానిసలుగా బతికినవారి గదుల పైకప్పుకు వెలిసిన నీలం రంగు ఇంకా అంటుకుని ఉంది. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపి చేసిన ఆ రంగు దుష్టశక్తులను ఆపుతుందని వారు నమ్మేవారట. ఇంటి గోడలకు ఆల్చిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, చిప్ప ముక్కలు వాడారని గైడు చెప్పగానే, "మన గుల్లసున్నమే" అంది అమ్మ. తరువాత ఆ పైకప్పు కింద చాలాసేపు నిలబడిపోయింది. ముందు భాగంలోని పాలిష్ చేసిన మెట్లనూ, ఈ గదులనూ ఒకే పర్యటనలో చూపించడం ఈ మ్యూజియం చేసిన మంచి పని. ఇదే టిక్కెట్టుతో దీన్ని నడిపే టెల్ఫేర్ సంస్థ వారి మరి రెండు మ్యూజియంలూ చూడవచ్చు. ఫ్రాంక్లిన్ స్క్వేర్ పక్కన 1859లో పూర్తయిన ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి కూడా చూడదగినది. దాన్ని పగటి చాకిరీ ముగించుకుని వచ్చిన బానిసలే రాత్రిళ్ళు కట్టారు. అదే ఏడాది మార్చిలో ఊరి అంచున గుర్రపు పందేల మైదానంలో నాలుగు వందల మందికి పైగా మనుషులను రెండు రోజుల్లో వేలం వేశారు.

శాకాహారులకు తిండి కొంచెం కష్టం. మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్ అమ్మకు నచ్చాయి. టమాటాతో వండే రెడ్ రైస్ చూడటానికి మన టమాటా అన్నంలా ఉన్నా, సాధారణంగా పంది మాంసం వేస్తారు కనుక అడిగి తీసుకోవాలి. ఊరికి దగ్గరలో సముద్రపు ఒడ్డునున్న టైబీ దీవి దీపస్తంభానికి 178 మెట్లు. నేను ఒక్కణ్ణే ఎక్కాను. నది ఒడ్డున రివర్ స్ట్రీట్ రాళ్ళ దారి, అక్కడికి దిగే నిటారు మెట్లు పెద్దవాళ్ళకు వద్దు.

బయలుదేరే రోజు పొద్దున్న రైట్ స్క్వేర్‌లో ఆగాం. ఓగల్‌థోర్ప్‌ను ఇక్కడ నిలబడనిచ్చిన యమక్రా అనే స్థానిక ఆదివాసీ తెగ నాయకుడు టొమొచిచీని 1739లో ఈ స్క్వేర్‌లోనే సమాధి చేశారు. తరువాతి కాలంలో ఆ చోట ఒక రైల్వే అధిపతికి స్మారకం కట్టి, 1899లో ఒక మూల గ్రానైటు బండ మీద టొమొచిచీ పేరు రాసిపెట్టారు. మొదటి రోజు మా ట్రాలీ దాని పక్కనుంచే వెళ్ళింది, మేము గమనించలేదు. నాన్నగారు ఎదుటి బల్ల మీద కూర్చుని ఆ పలక చదివించుకున్నారు. ఎండ ఎక్కకముందే కారెక్కాం.