స్టాటిస్టిక్స్ పీజీకి ముందు కోడింగ్: ఆర్ మేలా, పైథాన్ మేలా?

కావలిలో డిగ్రీ ఫైనలియర్ చదివే మా పిన్ని కొడుకు సంక్రాంతికి వచ్చి ఒకటే పోరు. "అన్నా, ఆర్ నేర్చుకునేదా, పైథాన్ నేర్చుకునేదా? లేదంటే నెల్లూరులో ఏదన్నా ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటావా?"

ముందు ఎక్కడికి అప్లై చేస్తాడో అడిగాను. ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం జామ్ అనే ఎంట్రన్స్ రాసినా, ఐఎస్ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎం.స్టాట్ అనే స్టాటిస్టిక్స్ పీజీకి రాసినా ప్రశ్నపత్రం నిండా క్యాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. కోడ్ రాయమని అడగరు. ఫిబ్రవరిలో జామ్ పెట్టుకుని ఇప్పుడు పైథాన్ మొదలుపెడితే ఉన్న లెక్కలు కూడా పోతాయి. అమెరికాకైతే సంగతి వేరు. అక్కడ మార్కుల మెమోలు తిరగేస్తారు, ప్రోగ్రామింగ్ ఎంతోకొంత వచ్చి ఉండాలని చాలా యూనివర్సిటీలు కోరుకుంటాయి.

ఇన్‌స్టిట్యూట్ మాట ఎత్తొద్దన్నాను. ఒకప్పుడు నేనూ డబ్బు కట్టి మూడు నెలలు 'పైథాన్ ఫుల్ స్టాక్' అనే వెబ్‌సైట్లు కట్టే కోర్సులో కూర్చున్నాను. లాగిన్ పేజీ చెయ్యడం వచ్చింది. ఒక్క మ్యాట్రిక్స్ కూడా కంటపడలేదు.

ఆర్ సంగతి అలా కాదు. ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు స్టాటిస్టిక్స్ వాళ్లు తమ పని కోసం తయారుచేసుకున్నది. ఖర్చు లేదు. మా బాబాయికి అల్లూరు దగ్గర రొయ్యల గుంట ఉంది. విసురు వల వేసి, పడిన వాటిని తూచి కౌంట్ చెప్తారు. రొయ్య సగటున 25 గ్రాములుంటే కిలోకి 40 కౌంట్. కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదన్నట్టు. వలలో పడిన నలభై రొయ్యల్ని బట్టి గుంట మొత్తాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఒక్కో రొయ్యనీ విడిగా తూచి, ఆ నలభై తూకాల్లోంచే, తీసినది మళ్లీ కలిపేస్తూ, నలభై తియ్యి, సగటు కట్టు. పదివేలసార్లు చెయ్యి. ఆ సగటులు ఎంత అటూ ఇటూ అవుతాయో చూస్తే ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది. 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ చెప్పిన బూట్‌స్ట్రాప్ ఇదే. ఆర్‌లో రెండు మూడు లైన్లు. పైథాన్‌లోనూ అవుతుంది, లెక్కల కోసం నంపై అనే లైబ్రరీ తెచ్చుకోవాలి, అంతే. కానీ కొత్తవాడికి ఆ రెండు లైన్లలో స్టాటిస్టిక్స్ కనపడాలి. అందుకే నా ఓటు ఆర్‌కి. మెషిన్ లెర్నింగ్, ఉద్యోగం దాకా వచ్చాక పైథాన్ ఎలాగూ తప్పదు.

ఒక చిక్కుంది. సొంతంగా నేర్చుకున్నది మెమోలో కనపడదు. మావాడిది ఎంపీసీ గ్రూపు, ప్రోగ్రామింగ్ పేపర్ ఒక్కటీ లేదు. అలాంటివాళ్లు అమెరికాకి పెట్టేట్టయితే ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఒక ప్రోగ్రామింగ్ కోర్సు చెయ్యడం మంచిది. పాఠాలు ఉచితం, ఫీజు పరీక్షకే. సర్టిఫికెట్‌లో అసైన్‌మెంట్లకి 25 శాతం, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75 శాతం. అందుకే దానికి కాస్త విలువుంది.

మావాడు జామ్ అయ్యాక ఆర్ పట్టుకున్నాడు. మొన్న బాబాయి గుంట తూకాలే వేసి, కౌంట్ 38కీ 42కీ మధ్య ఉంటుందన్నాడట.

"అయితే కొనేవాడు 42 అంటాడు" అన్నాడు బాబాయి.