రాయగడ జిల్లా బరువెంత? తేల్చడానికి హుక్ కాటా సరిపోతుందా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి బజార్లలో మూడు నాలుగు వందలకు దొరికే 50 కిలోల డిజిటల్ హుక్ కాటా ఇది. 10 గ్రాముల మెట్టు (అంకె పదేసి గ్రాముల చొప్పునే మారుతుంది), రెండు సన్న బ్యాటరీలు. తూనికల శాఖ ముద్ర ఉండదు కాబట్టి చింతపండు, జీడిపిక్కల వ్యాపారానికి కొనకూడదు. రాళ్లకు ముద్రతో పనిలేదు. నేల బరువు అంచనాకు కావలసింది రాతి సాంద్రత. ఆ పని మాత్రం ధరకు మించి చేస్తుంది.

రాయిని గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచి, గాలిలో బరువును ఆ రెండిటి తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది, అంటే రాయి నీటికి ఎన్ని రెట్లు బరువో, ఘనపు మీటరుకు ఎన్ని టన్నులో. 8.40 కిలోల ఖోండలైట్ (తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయి) నీళ్లలో 5.36 చూపిందనుకోండి. తేడా 3.04, సాంద్రత 2.76. కాటా ప్రతి బరువునూ నూటికి రెండు పాళ్లు ఎక్కువ చూపినా భాగహారంలో కొట్టుకుపోతుంది. కొట్టుకుపోనిది మెట్టు. రెండు కిలోల రాయికి తేడా సుమారు 720 గ్రాములే. అందులో 10 గ్రాములంటే దాదాపు ఒకటిన్నర శాతం. ఎనిమిది కిలోల రాయికి అది మూడో వంతు శాతానికి దిగుతుంది. కాబట్టి తలకాయంత రాయి తీసుకోండి.

విసిగించేది ఆటో హోల్డ్. అంకె నిలబడగానే బిగుసుకుంటుంది. ఆ తర్వాత రాయిని నీళ్లలోకి దించినా కొన్ని కాటాలు పాత బరువే చూపిస్తాయి. అందుకని రాయిని ముందే బకెట్ అడుగున పెట్టి, నైలాన్ తాడును వదులుగా హుక్‌కు తగిలించి, సున్నా చేసి, అప్పుడు మెల్లగా పైకి లేపాలి. రాయి నీళ్లలోంచి బయటికి రాకూడదు, బకెట్ అడుగునూ అంచునూ తగలకూడదు. కొబ్బరితాడు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, వాడొద్దు. రాయికి అంటిన గాలి బుడగలను చేత్తో తుడవకపోతే సాంద్రత తక్కువ వస్తుంది.

కొండల నెత్తిన ఉండే లాటరైట్ అనే రంధ్రాల ఎర్రరాయితో ఇబ్బంది తిరగబడుతుంది. పొడిగా ముంచితే రంధ్రాల్లోకి నీళ్లు దిగి సాంద్రత ఎక్కువ కనిపిస్తుంది. ముందు పొడి బరువు రాసుకుని, రాత్రంతా నానబెట్టి, పైతడి తుడిచి గాలిలోనూ నీళ్లలోనూ మళ్లీ తూచాలి. పొడి బరువును ఆ రెండు తడి బరువుల తేడాతో భాగించాలి.

రాయి ఎక్కడిదన్నది కాటా కన్నా ముఖ్యం. నాగావళి ఇసుకలో నున్నటి రాళ్లు తేలిగ్గా దొరుకుతాయి గానీ, అవి దారిలో అరిగిపోకుండా మిగిలిన గట్టివి. వాటినే తూచితే జిల్లా అంతా గట్టిరాయే అనిపిస్తుంది. రోడ్డు కోసం కొండ కోసిన చోట, తుప్పు రంగు పొర దాటి లోపలి రాయి తీసుకోవాలి.

ఇక లెక్క. రాయగడ జిల్లా విస్తీర్ణం 7,073 చదరపు కిలోమీటర్లు. ఒక కిలోమీటరు మందానికి, 2.76 సాంద్రతతో, సుమారు 19.5 లక్షల కోట్ల టన్నులు. అయితే అడుగు ఎక్కడ? భూపటలం అడుగు దాకా 35 కిలోమీటర్లనుకుని, కిందికి వెళ్లేకొద్దీ రాయి బరువెక్కుతుంది కనుక సగటు 2.8 తీసుకుంటే 693 లక్షల కోట్లు. మందం 40 అనుకుంటే 792. అంటే పద్నాలుగు శాతం తేడా. కాటా తప్పు ఒక శాతం లోపే. ఖరీదైన ప్రయోగశాల త్రాసు కొన్నా ఈ తేడా తగ్గదు. లాటరైట్ పొర పదుల మీటర్లే కాబట్టి జిల్లా మొత్తం లెక్కలో దాని ఊసే ఉండదు. ఒక్క కొండ నెత్తినే తూచాలనుకుంటే మాత్రం అదే ప్రధానం.

అడుగు చదునుగానూ ఉండదు. 3.3 సాంద్రత ఉన్న మాంటిల్ (భూపటలం కింది పొర) మీద భూపటలం తేలుతోంది కనుక, నేల ఒక కిలోమీటరు ఎత్తుంటే కింద మాంటిల్‌లోకి దిగిన దాదాపు ఐదున్నర కిలోమీటర్ల వేరు దానికి ఉండాలి (2.8ను, 3.3కూ 2.8కీ ఉన్న తేడా 0.5తో భాగించండి). కొరాపుట్ పీఠభూమికి ఇదే లెక్క వేసేవాళ్లు ఆ వేరును కలపాలి.

కొనేటప్పుడు యూనిట్ బటన్ ఎక్కడుందో చూడండి. కొన్నిటిలో అది చేతి పట్టు పక్కనే ఉంటుంది. రాయి లేపుతుండగా నొక్కుకుని కిలోలు పౌండ్లవుతాయి. రెండు తూకాల మధ్య ఇలా జరిగితే సాంద్రత అర్థం లేని అంకెగా వస్తుంది.