సిరొంచలో బ్యాంకు ఏఐ ఫోన్ సర్వీస్: 5కి 2 స్టార్లు

బ్యాంకు పేరు వద్దు గానీ వాళ్లు పెట్టిన ఏఐ ఫోన్ సర్వీస్ గురించి రాస్తున్నా. లైన్ వెంటనే కలుస్తది, హిందీలో బ్యాలెన్స్ అడిగితే టక్కున చెప్తది, అది నిజంగా బాగుంది. కానీ మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచ అడ్రస్ ఉంటే మరాఠీ, హిందీ, ఇంగ్లీషే, తెలుగు ఆప్షనే రాదు, అదే గోదావరి బ్రిడ్జి అవతల కాళేశ్వరంలో ఉన్న మా చుట్టాలకి తెలుగులో మాట్లాడుతది. మా పెద్దమ్మ "పింఛన్ పడ్డదా" అని అడుగుతుంటే అది మరాఠీలో "కృపయా పున్హా సాంగా" (దయచేసి మళ్లీ చెప్పండి) అనుకుంటనే ఉంది, చివరికి "నువ్వే అడుగు బిడ్డా" అని ఫోన్ నా చేతికిచ్చింది. ఆమె పైసల సంగతి ఆమె అడగలేకపోవుడు నాకు చాలా బాధనిపించింది.

2024 మార్చి 21న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ ఏఐ మీద ఓటింగ్ లేకుండానే తీర్మానం పాస్ చేసింది, దేశాల మధ్యనే కాదు దేశం లోపల కూడా డిజిటల్ తేడాలు తగ్గాలని, భాషల వైవిధ్యం కాపాడాలని అందులో ఉంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో డిజిటల్ టెక్నాలజీ మీద దేశాలన్నీ ఒప్పుకున్న గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్ అనే పత్రం కూడా వచ్చింది. అయితే ఇవి చట్టం లెక్క ఎవరినీ కట్టెయ్యవు, అందుకే పట్టించుకోవాల్సింది ఇక్కడి బ్యాంకులే. టెక్నాలజీ లేదనొద్దు, కేంద్ర సర్కారు పెట్టిన భాషల ఏఐ వేదిక భాషిణిలో తెలుగు ఉంది కదా. పిన్‌కోడ్ చూసి కాదు, మనిషిని అడిగి భాష పెట్టండి, మనిషితో మాట్లాడే ఆప్షన్ మొదట్లనే ఇయ్యండి, అప్పుడు రేటింగ్ మారుస్తా.