జర్మన్ కత్తుల వెండి ముద్రలు చదవడానికి ఆరేళ్లుగా వాడుతున్న భూతద్దం

జర్మనీలో ఉంటూ పాత కత్తులు సేకరించడం మొదలుపెట్టిన ఏడాదే ఈ మడత భూతద్దం కొన్నాను. మూడు కటకాలు అతికించి చేసిన పది రెట్ల రకమిది. పిడిమీదా, ఒర తొడుగులమీదా రెండు మూడు మిల్లీమీటర్లకు మించని వెండి ముద్రలను చదవడానికి ఇంతకన్నా నమ్మదగిన పరికరం నాకు దొరకలేదు.

కటకాన్ని కంటికి దగ్గరగా పట్టి, కత్తిని అంగుళం దూరానికి తెచ్చుకుని, టార్చి వెలుగును పైనుంచి కాక పక్కనుంచి వాలుగా వేస్తే అరిగిన గీత కూడా నీడతో లేచి కనిపిస్తుంది. ఇరవై రెట్లది కూడా కొన్నాను గానీ, చెయ్యి కాస్త కదిలినా ముద్ర చెదిరిపోతుండడంతో పక్కన పెట్టేశాను.

రెండేళ్ల కిందట ఒక వేటకత్తిని 18వ శతాబ్దపు ఆగ్స్‌బర్గ్ పనితనమని చెప్పి చూపించారు. పిడిమీద ఆ నగరపు గుర్తయిన పైన్ కాయ స్పష్టంగానే ఉంది. అయితే ఒర మూతి తొడుగు లోపలి అంచున, నలుపు పేరుకున్న చోట, ముందు నెలవంక, పక్కనే కిరీటం, ఆ తర్వాత 800 అంకె కనిపించాయి. 1884 చట్టం నిర్ణయించగా 1888 నుంచి అమల్లోకి వచ్చిన ముద్ర అది. వెయ్యింట కనీసం 800 వంతుల వెండి ఉంటేనే వేసేవారు. ఒరను తర్వాత మార్చారేమోనని పిడి అంతా వెతికితే అక్కడా అదే నెలవంక కనిపించింది. 19వ శతాబ్దం చివర జర్మనీలోని హనావు పట్టణపు వెండి పనివారు పాత నగరాల గుర్తులను పోలిన ముద్రలు వేసేవారు కనుక, పైన్ కాయను చూసి కాలం నిర్ణయించకూడదు.

నిజంగా పాతవాటిలో వెండి వన్నెను లోట్ అనే పాత జర్మన్ కొలతలో చెప్పేవారు. శుద్ధ వెండి 16 లోట్లు కాబట్టి 12 అంటే 750, 13 అంటే 812.5. పరీక్షకు లోహం గోకిన చోట మిగిలే మెలికల గీతను ఈ భూతద్దంలో చూడడం నాకు ఎంతో ఇష్టం.

కత్తులకు పేరుపడ్డ జర్మన్ పట్టణం సోలింగెన్‌లో చేసిన అలుగులపై కనిపించే ఉడుత, శిరస్త్రాణపు తల తయారీదారుల గుర్తులే తప్ప వెండి ముద్రలు కావు. మన ఇళ్లలో కానుకలుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ లాంటి మిశ్రలోహమే కొన్ని పిడులకూ వాడారు; అందులో వెండి లేదు.

లోపాలూ ఉన్నాయి. మూడో ఏట మడత మర వదులైంది, చట్రం లోపలి నల్లరంగు ఊడి వెలుగు కంట్లోకి చిమ్మేది. మెరుపులేని నలుపు నేనే పూశాను. ఇంకొక మాట: ముద్రలు చూడకముందే కత్తికి పాలిష్ పట్టించకండి, ఆ గీతలను చదివించేది లోపల నిలిచిన నలుపే.