నవసారిలో టాటాల చిన్న ఇల్లు, సూరత్‌లో మాకు అమ్మిన ‘ప్యాలెస్’

గుజరాత్‌లోని నవసారిలో టాటాల ప్యాలెస్ అంటూ ఏదీ లేదు. ఈ మాట ముందుగా చెప్పేస్తే నా కోపం సగం తగ్గుతుంది. సూరత్ స్టేషను దగ్గర మేము దిగిన లాడ్జిలో, కౌంటరు మీద అద్దం కింద రంగుల కాగితం ఒకటి పెట్టారు. టాటా ప్యాలెస్, పార్సీల అగ్ని దేవాలయ దర్శనం, దాండి, మధ్యాహ్న భోజనం, ఏసీ కారు, అన్నీ కలిపి 4,500 రూపాయలు. అందులో నిజమైనది కారు ఒక్కటే. దానికీ ఏసీ పనిచేయలేదు.

వెళ్లింది నేను, మా ఆవిడ, పాలిటెక్నిక్ చదువుతున్న మా అబ్బాయి, మా మామగారు. మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్ ప్రాంతానికి బొగ్గు గనుల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. మామగారు గనిలోనే పనిచేసి రిటైరయ్యారు. టాటా సంస్థలకు ఆద్యుడైన జంషెడ్‌జీ టాటా పుట్టిన ఇల్లు చూడాలన్నది ఆయన పట్టుదల. బల్లార్షాలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్‌లో దిగాం. రైలు గురించి రాయడానికి ఏమీ లేదు, అంత బాగా జరిగింది.

లాడ్జి గది రోజుకు 1,600. ఫోనులో అడిగినప్పుడు వేడినీళ్లు ఉంటాయన్నారు. ఉన్నాయి, బకెట్‌కు 40 రూపాయలు చొప్పున. ఆ బకెట్ దగ్గరే మా ఆవిడ మొహం ముడుచుకుంది. అయినా మేనేజరు మాటకారి. ‘పెద్దాయన ఉన్నారు, రైళ్లు మారలేరు, కారు తీసుకోండి’ అని మామగారి వయసును అడ్డం పెట్టి 2,500 అడ్వాన్సు పుచ్చుకున్నాడు.

ఉదయం ఎనిమిదింటికి రావలసిన కారు తొమ్మిదిన్నరకు వచ్చింది. నేరుగా నవసారికి పోకుండా జరీ చీరల దుకాణం ముందు ఆగింది. ‘చూసినందుకు డబ్బులా అక్కా’ అంటూ దుకాణం వాళ్లు చీరలన్నీ కుప్ప పోశారు. మా ఆవిడ ఒక్కటీ కొనలేదు. బయటికి వచ్చాక డ్రైవరు మాతో మాట్లాడటమే మానేశాడు. కమిషను పోయిందని ఆయన బాధ, గంటన్నర పోయిందని మా బాధ.

నవసారి చేరాక అసలు సంగతి బయటపడింది. ఆ ఇల్లు ఎక్కడుందో డ్రైవరుకు తెలియదు. గేటున్న పెద్ద బంగళా ఒకటి కనిపించగానే ముందు ఆపి, ఇదే ప్యాలెస్, ఫొటో తీసుకోండి అన్నాడు. అది ఎవరిదో! అక్కడి నుంచి ఆతష్ బెహరామ్‌కు, అంటే కాగితం మీద ఉన్న ఆ పార్సీల అగ్ని దేవాలయానికి తీసుకెళ్లాడు. పార్సీలు కానివారికి లోపలికి ప్రవేశం లేదు. ఇక్కడనే కాదు, పార్సీల పుణ్యక్షేత్రం ఉద్వాడాతో సహా దేశంలో ఏ అగ్ని ఆలయంలోనైనా ఇదే నియమం. అది వాళ్ల ఆచారం, మనకు అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. కానీ దర్శనం అని కాగితం మీద అచ్చువేసి డబ్బు తీసుకున్నవాడికి ఈ సంగతి తెలియదా? అంతసేపూ నోరు మెదపని మామగారు అప్పుడు కారు దిగి, ‘అల్లుడు గారూ, ఈయన్ని పంపించేయండి. ఆటోలో తిరుగుదాం’ అన్నారు. పంపించేశాం.

ఆటో ఆయన అడగ్గానే దస్తూర్ వాడ్‌కు తీసుకెళ్లాడు. 60 రూపాయలు. పార్సీ పురోహితుల కుటుంబాలు తరతరాలుగా ఉన్న వీధులవి. ఒకదాని గోడ మరొకటి ఆనుకుని ఉన్న ఇళ్ల వరుసలో అదీ ఒకటి. బోర్డు చదవకపోతే దాటిపోతాం. లోపల గదులు చిన్నవి, వెలుతురు తక్కువ. 1839 మార్చి 3న జంషెడ్‌జీ పుట్టిన చోటు ఇదే. మా అబ్బాయి ‘ఇంతేనా’ అన్నాడు. మామగారు గోడలు, గడప, పైకప్పు పరీక్షగా చూసి, ‘మాకు కంపెనీ ఇచ్చిన క్వార్టరు దీనికంటే పెద్దది’ అన్నారు. ఆయన గొంతులో నిరాశ లేదు, సంబరమే ఉంది. ఆ తర్వాత అక్కడి నుంచి ఆయన్ని కదిలించడం మా వల్ల కాలేదు.

ఈ ఇంటి గొప్ప దాని గోడల్లో లేదు. పౌరోహిత్యమే వృత్తిగా బతికిన వంశంలో వ్యాపారంలోకి దిగిన మొదటివాడు జంషెడ్‌జీ తండ్రి నసర్వాన్‌జీ. ఆయన బొంబాయి చేరి నిలదొక్కుకున్నాక కొడుకును పద్నాలుగో ఏట అక్కడికి రప్పించుకున్నారు. జంషెడ్‌జీ ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివి, 1868లో 21,000 రూపాయల పెట్టుబడితో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో టాటా సంస్థలను నడిపిన జేఆర్‌డీ టాటా తండ్రి ఆర్‌డీ టాటాదీ ఈ ఊరి బంధుత్వమే.

మా మామగారి పట్టుదలకు కారణం అక్కడే, గుమ్మం దగ్గర నిలబడి మా అబ్బాయికి చెప్పారు. జంషెడ్‌జీ బట్టల మిల్లు పెట్టడానికి బొంబాయిని వదిలి మన నాగపూర్‌ను ఎంచుకున్నారు, ఎందుకంటే పత్తి ఇక్కడే పండుతుంది. బురద నేల పూడ్చి కట్టే మిల్లుకు అప్పివ్వనని ఒక మార్వాడీ షావుకారు మొండికేశాడట. విక్టోరియా రాణి భారత చక్రవర్తిని అయినట్టు ప్రకటించిన 1877 జనవరి 1నే ఆ మిల్లు మొదలైంది, ఎంప్రెస్ మిల్లు అని పేరు పెట్టారు. ఇక 1882లో ఒక జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త రాసిన నివేదిక ఆయన కంటపడింది. అది చాందా జిల్లాలోని ఇనుము గురించి. చాందా అంటే మన చంద్రపూరే. లోహారా కొండలో మంచి ఇనుప ఖనిజం ఉంది, వరోరాలో బొగ్గుంది, ఇంకేం కావాలి! కానీ ఆ బొగ్గు ఇనుము కరిగించడానికి పనికిరాదని తేలింది. అప్పటి గనుల నిబంధనలూ అడ్డొచ్చాయి. అలా ఆ ఆలోచన ఏళ్ల తరబడి మూలపడి, చివరికి ఒడిశాలోని మయూర్‌భంజ్ ఖనిజంతో సాక్చీలో నిజమైంది. అదే నేటి జంషెడ్‌పూర్. 1912లో అక్కడ ఉక్కు తయారయ్యేనాటికి ఆయన పోయి ఎనిమిదేళ్లు. ‘మన బొగ్గు మంచిదైతే టాటానగర్ మన దగ్గరే ఉండేదిరా’ అని మామగారు గని మొత్తం తన సొంతమైనట్టు బాధపడ్డారు. మా అబ్బాయి ఫోను జేబులో పెట్టి విన్న పాఠం బహుశా ఇదొక్కటే.

అక్కడి నుంచి మెహర్జీ రాణా గ్రంథాలయానికి వెళ్లాం. 1872లో మొదలైంది. పార్సీల పాత రాతప్రతులు ఇక్కడ భద్రంగా ఉన్నాయి. మాకు ఒక్క అక్షరం చదవడం రాదు, అయినా అక్కడివాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడారు. కారులో తిరిగినవాళ్లకు ఈ పేరే తెలియదు. మధ్యాహ్నం గుజరాతీ తాళీ, మనిషికి 180. పప్పులో తీపి మామగారికి నచ్చలేదు. మా ఆవిడ మూడ్ బాగుపడింది మాత్రం పార్సీల పెళ్లి ఊరగాయ దగ్గర. లగన్ ను అచార్ అంటారు. క్యారెట్టు, ఎండుద్రాక్ష, బెల్లం, వెనిగర్‌తో చేస్తారు. మన ఆవకాయ నాలుకకు ఇదేం ఊరగాయ అనిపిస్తుంది, రెండో ముద్దకు సీసా దగ్గరికి లాక్కుంటాం. 220 పెట్టి ఒకటి కొంటే సరిపోదని మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోటి కొంది. చీరల దుకాణంలో పెట్టని డబ్బు ఇక్కడ పెట్టింది. దాండికి ఆటోలో పోను రాను 600. ఉప్పు సత్యాగ్రహ స్మారకం బాగుంది.

రాత్రి సూరత్ తిరిగి వచ్చాక మేనేజరుతో అరగంట వాదన. ప్యాలెస్ ఏదని అడిగితే, టాటాల ఇల్లంటే ప్యాలెస్ కాక గుడిసె అవుతుందా అన్నాడు. చివరికి 800 వెనక్కి ఇచ్చాడు, మర్నాడు బిల్లులో నాలుగు బకెట్లు ఎక్కువ రాశాడు.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లు సూరత్‌లో ఆగకండి. అక్కడి నుంచి నవసారికి దక్షిణంగా ముప్పై కిలోమీటర్లే, రైళ్లు బోలెడు. బస నవసారిలోనే చూసుకోండి. దస్తూర్ వాడ్, గ్రంథాలయం, ఊరగాయ దుకాణం ఒక్క పూటలో అయిపోతాయి, కారు దండగ. ఇల్లు చూడటానికి పావుగంట చాలు. పెద్దవాళ్లు వెంట ఉంటే గంట పడుతుంది.