రమ అని కొడితే రామ పడుతోందా? విండోస్ ఫిల్టర్ కీస్ ఎంతవరకు పనికొస్తుంది

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకి 'ఏ' కీ ఒక్కటి చెడితే చాలు, రమ కాస్తా రామ అయి కూర్చుంటుంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడే ఈ జబ్బుకి విండోస్‌లోనే పైసా ఖర్చు లేని మందు ఒకటుంది: ఫిల్టర్ కీస్‌లోని బౌన్స్ కీస్. ఒక కీ వదిలిన వెంటనే మళ్ళీ అదే కీ పడితే ఆ రెండో నొక్కుని పట్టించుకోకుండా వదిలేయడం దీని పని. బాగానే పనిచేస్తుంది, కానీ మైక్రోసాఫ్ట్ పెట్టి ఇచ్చిన అంకెలతో మాత్రం కాదు.

ముందు జబ్బు సంగతి. లాప్‌టాప్ కీ కింద రబ్బరు బుడగ, దాని కింద మూడు పొరల ప్లాస్టిక్ షీటు ఉంటాయి. నొక్కినప్పుడు పై పొర, కింది పొర తగులుకుంటాయి. ఆ తగలడం ఒక్క దెబ్బలో జరగదు, కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. ఆ అదురుని కీబోర్డ్ కంట్రోలర్ పట్టించుకోదు. దుమ్ము చేరినా, టీ ఒలికినా అదురు పదుల మిల్లీసెకన్లకి సాగుతుంది. అప్పుడది కంట్రోలర్‌కి రెండో నొక్కులా కనిపిస్తుంది.

నోట్‌ప్యాడ్ తెరిచి అనుమానం ఉన్న కీని 50 సార్లు విడివిడిగా నొక్కి, పడిన అక్షరాలు లెక్కపెట్టండి. ఒకటి రెండు కీలే ఎక్కువ చూపిస్తే తేడా ఆ కీల దగ్గరే. అన్ని కీలూ అలాగే ఉంటే కీబోర్డ్ ప్రాపర్టీస్‌లో రిపీట్ డిలే (కీ పట్టుకుంటే అక్షరం మళ్ళీ పడటం మొదలయ్యేలోపు ఆగే సమయం) మరీ తక్కువగా ఉందేమో చూడండి. యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టినా అదే తంతు అయితే లాప్‌టాప్ కీబోర్డ్‌ని తిట్టి లాభం లేదు.

ఇక మందు. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్, ఫిల్టర్ కీస్. అక్కడ బౌన్స్ కీస్‌కి ఇచ్చే కనీస సమయమే 0.5 సెకను. అంత పెడితే అమ్మ అని కొట్టినా రెండో 'ఎమ్' మింగేసి అమ అని వదులుతుంది. చేతులు వణికేవాళ్ళ కోసం చేసిన సదుపాయం కాబట్టి ఆ అంకె తప్పనలేం, మన పనికి మాత్రం పనికిరాదు.

అసలు పని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట ఉంది. రిజిస్ట్రీ ఎడిటర్‌లో కరెంట్ యూజర్ కింద కంట్రోల్ ప్యానెల్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ రెస్పాన్స్ తెరవండి. మార్చేముందు ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఇక్కడి సమయాలన్నీ మిల్లీసెకన్లలో ఉంటాయి. బౌన్స్ కీస్ సమయమైన బౌన్స్‌టైమ్ 30తో మొదలుపెట్టి, జబ్బు తగ్గేదాకా పదేసి పెంచండి. 80 దాటితే వేగంగా కొట్టేవాళ్ళకి నిజమైన జంట అక్షరాలూ పోవడం మొదలవుతుంది. డిలే బిఫోర్ యాక్సెప్టెన్స్ తప్పనిసరిగా 0 చేయాలి. అది 1000 మీద ఉంటే సెకను సేపు నొక్కి పట్టుకుంటే గానీ అక్షరం పడదు, పైగా అది, బౌన్స్‌టైమ్ రెండూ ఒకేసారి నడవవు. కీ పట్టుకున్నప్పుడు అక్షరం మళ్ళీ మళ్ళీ పడే తీరుని నడిపే ఆటోరిపీట్ డిలే 1000 నుంచి 500కి, ఆటోరిపీట్ రేట్ 500 నుంచి 30కి దించండి. లేకపోతే బ్యాక్‌స్పేస్ పట్టుకున్నప్పుడు అర సెకనుకో అక్షరం చొప్పున చెరుగుతుంది. ఫిల్టర్ కీస్‌ని ఆన్, ఆఫ్ చేసే అంకె ఫ్లాగ్స్. అది మామూలుగా 126, అంటే ఆఫ్. 127 పెడితే ఆన్ అవుతుంది గానీ ప్రతి నొక్కుకీ టిక్కుమంటుంది. 59 పెడితే ఆ చప్పుడూ ఉండదు, కుడి షిఫ్ట్ 8 సెకన్లు పట్టుకుంటే వచ్చే డబ్బా కూడా రాదు. సైన్ అవుట్ అయి మళ్ళీ లోపలికి రండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని ఫిల్టర్ కీస్ పేజీ జోలికి వెళ్ళొద్దు, రాసిన అంకెలు మారిపోవచ్చు.

పని చేయని చోట్లు కూడా ఉన్నాయి. ఈ సెట్టింగ్ మీ యూజర్‌కి మాత్రమే, కాబట్టి సైన్ ఇన్ తెర మీద పాస్‌వర్డ్‌లో అక్షరం రెండుసార్లు పడుతూనే ఉంటుంది. విండోస్ కన్నా ముందు వచ్చే బయాస్ తెరలో, విండోస్ రాకముందే డిస్కు తాళం తీయడానికి అడిగే బిట్‌లాకర్ పిన్ దగ్గర కూడా అంతే. కీ అసలు పడకపోతే, ఒత్తి పట్టినట్టు ఆగకుండా పడుతుంటే దీనితో ఏమీ కాదు.

కాబట్టి ఇది కట్టు మాత్రమే, దీనితో పాటు శుభ్రం చేయడం మానొద్దు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, లాప్‌టాప్‌ని దాదాపు నిలువుగా పట్టుకోండి. మాక్‌బుక్‌లకి ఆపిల్ చెప్పే కోణం 75 డిగ్రీలు. గాలి డబ్బాని నిటారుగా ఉంచి ఎడమ నుంచి కుడికి కొట్టండి, వంచితే లోపలి ద్రవం బయటికొస్తుంది. తర్వాత లాప్‌టాప్‌ని పక్కలకి తిప్పి మళ్ళీ కొట్టండి. జిగురు ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూదిపుల్లతో కీ చుట్టూ తుడిచి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. తీపి టీ షీటు పొరల మధ్యకి దిగి ఉంటే మాత్రం పైపై తుడుపుకి లొంగదు, కీబోర్డ్ మార్చాల్సిందే. చాలా మోడళ్ళలో అది పై మూతకి ప్లాస్టిక్ రివెట్లతో అతికి ఉంటుంది, మార్చడం స్క్రూలు తీసినంత తేలిక కాదు.

కీలతో పాటు టచ్‌ప్యాడ్ కూడా పైకి లేచినట్టుంటే ఇవేవీ చేయొద్దు. కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. లాప్‌టాప్ ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా ముందు బ్యాటరీ మార్పించండి.