బార్లీ మొలిచిన గోతులు: వెక్స్‌ఫర్డ్ పల్లెల్లో మూడు రోజులు

బ్రిటిష్ పాలన మీద 1798లో తిరుగుబాటు నడిచిన ఐర్లండ్ పల్లెలు చూడాలనుకుంటే వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని ఎనిస్కార్తీ ఊళ్లో మకాం పెట్టండి. డబ్లిన్ నుంచి నేరుగా రైలుంది. మేము హోటల్ వద్దనుకుని ఊరి బయట ఒక రైతు ఇంట్లో దిగాం. గది ఇరుకు, వేడినీళ్లు కాసేపే వచ్చాయి. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాం. పొద్దున టీ పోస్తూ ఆ ఇంటి పెద్దాయన చెప్పిన కథ అలాంటిది. తిరుగుబాటుదారులు దారిలో తినడానికి జేబుల్లో బార్లీ గింజలు వేసుకుని వెళ్లేవారట. వాళ్లను చంపి మూకుమ్మడిగా పూడ్చిన గోతుల మీద కొన్నాళ్లకు బార్లీ మొలిచిందట.

ఆ కథ విన్నాకే వినెగర్ హిల్ ఎక్కాం. టికెట్ లేదు, ఊళ్లోంచి నడిచే వెళ్లొచ్చు. జూన్ 21న బ్రిటిష్ సైన్యం ఫిరంగులతో వాళ్లను ఓడించింది ఇక్కడే. పైన గాలిమర మొండిగోడ మిగిలింది. అంతకుముందు తిరుగుబాటుదారులు తమ బందీలను ఉంచిందీ, కొందరిని చంపిందీ ఆ గాలిమర దగ్గరే. ఊళ్లోని తిరుగుబాటు మ్యూజియం ముందు చూస్తే ఇవన్నీ బాగా అర్థమవుతాయి. రెండు గంటలు కేటాయించండి.

బూలవోగ్‌కి కారు తప్పనిసరి. మేం మాట్లాడుకున్న టాక్సీ గంట ఆలస్యంగా వచ్చి సగం రోజు పోయింది. మొదట ఆయుధాలు అప్పగించేయమని జనానికి చెప్పి, తర్వాత వాళ్లకే నాయకుడైన క్యాథలిక్ మతగురువు ఫాదర్ జాన్ మర్ఫీ ఊరిది. జూలై 2న ఆయన్ని టల్లో అనే ఊరి సంతవీధిలో ఉరితీసి, తల నరికి, మొండేన్ని తారు పీపాలో కాల్చారు. ఆ పొగ లోపలికి వెళ్లాలని ఎదురింటి క్యాథలిక్కుల కిటికీలు బలవంతంగా తెరిపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. టల్లోలో ఆయన విగ్రహం తప్ప చూడటానికి పెద్దగా లేదు, కానీ నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

భోజనానికి శాకాహారులకు సూప్, బ్రౌన్ బ్రెడ్, బంగాళాదుంపలే దిక్కు.

ఓల్డ్ రాస్ మాత్రం వదలొద్దు. జూన్ 5న దానికి దగ్గర్లోని స్కల్లబోగ్‌లో తిరుగుబాటుదారులు ఒక కొట్టానికి నిప్పుపెట్టి వందమందికి పైగా బందీలను చంపారు. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. ఆ సంగతి మా పెద్దాయన తనంతట తాను ఎత్తలేదు. మేం అడిగితే కాసేపు ఊరుకుని, ఓల్డ్ రాస్ చర్చి ఆవరణలో వాళ్ల స్మారకశిల ఉందని చెప్పి దారి కాగితం మీద గీసిచ్చాడు.